ముసలి కుక్కకు క్యాన్సర్ అనుమానమా? విజయవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పదేళ్ళుగా ఇంట్లో తిరుగుతున్న కుక్క ఒంటి మీద గడ్డ తగిలినప్పుడో, డాక్టర్ "క్యాన్సర్ కావచ్చు" అని పక్కకు చూసినప్పుడో మనవాళ్ళు అడిగే ప్రశ్నలివి. నేను డాక్టర్ని కాను. ముసలి కుక్కలను పెంచి, వాటితో ఆసుపత్రుల చుట్టూ తిరిగినదాన్ని. ఇందులో మందుల మోతాదులు ఉండవు. అవి మీ కుక్కను చేత్తో తాకి చూసిన డాక్టరే చెప్పాలి.

గడ్డ కనిపించింది. క్యాన్సరేనా?

కాకపోవచ్చు. వయసు మళ్ళిన కుక్కల చర్మం కింద తగిలే మెత్తటి గడ్డల్లో చాలావరకు కొవ్వు గడ్డలే. డాక్టర్లు వీటిని లైపోమా అంటారు. లావెక్కిన లాబ్రడార్లకు పొట్ట పక్కన, ఛాతీ కింద ఒకటో రెండో ఉండడం మామూలే. పులిపిర్లు, చీము గడ్డలు, చర్మపు తిత్తులు కూడా వస్తుంటాయి.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. పదేళ్ళు దాటిన కుక్కల్లో దాదాపు సగానికి ఏదో ఒక క్యాన్సర్ వస్తుందని అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ చెబుతోంది. కాబట్టి "వయసైంది, ఇవన్నీ వస్తాయిలే" అన్న మాట నేను ఒప్పుకోను. నెలలోపు పెరిగిన గడ్డ, కింది కండకు అతుక్కుని కదలని గడ్డ, పైన పుండు పడి మానని గడ్డ, ఒకరోజు ఉబ్బి మర్నాడు తగ్గే గడ్డ ఉంటే ఆ వారమే చూపించాలి. ఈ చివరిది మాస్ట్ సెల్ ట్యూమర్ అనే చర్మ క్యాన్సర్ లక్షణం కావచ్చు. దాన్ని పిసికితే లోపలి హిస్టమిన్ అనే వాపు తెచ్చే పదార్థం బయటికొచ్చి ఇంకా ఉబ్బుతుంది. అందుకని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ "ఇక్కడ నొక్కి చూడండి" అనకండి.

చేత్తో పట్టి చూసి డాక్టర్ చెప్పేయలేరా?

చెప్పలేరు. ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా సరే. పైకి అచ్చం కొవ్వు గడ్డలా ఉండే మాస్ట్ సెల్ ట్యూమర్లు ఉంటాయి. సూది పరీక్ష చేయాల్సిందే. సన్న సూదితో గడ్డలోంచి కాసిని కణాలు లాగి, గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. దీన్నే ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. చాలా గడ్డలకు మత్తు అక్కర్లేదు, రక్తం తీసేటప్పటి నొప్పే ఉంటుంది. కొన్ని క్లినిక్కుల్లో అదే రోజు చూసి చెప్పేస్తారు.

దానితో తేలకపోతే బయాప్సీ. ముక్క కోసి ఫార్మలిన్‌లో వేసి ల్యాబ్‌కు పంపుతారు. శాంపిల్ చాలాసార్లు బయటి ఊరికి వెళ్ళాల్సి వస్తుంది కాబట్టి రిపోర్టుకు వారం, పది రోజులు పట్టొచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ చేసి తీసిన గడ్డను పారేయనివ్వకండి. "మొత్తం తీసేశాం, ఇక భయం లేదు" అన్నా సరే, ల్యాబ్‌కు పంపమని అడగండి. అది ఏ రకమో, అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయో లేదో ఆ రిపోర్టులోనే తెలుస్తుంది. ఆరు నెలలకు అదే చోట మళ్ళీ వస్తే, పాత రిపోర్టు లేకుండా డాక్టర్ చీకట్లో తడుముకోవాలి.

సూది గుచ్చితే, కత్తి పెడితే క్యాన్సర్ పాకిపోతుందంటారు కదా?

మనుషుల విషయంలోనూ ఈ మాట వింటుంటాం. చర్మపు గడ్డలకు సూది పరీక్షతో వచ్చే ప్రమాదం చాలా తక్కువ. మూత్రాశయం గడ్డ లాంటి కొన్నింట్లో మాత్రం డాక్టర్లు పొట్ట మీద నుంచి సూది పెట్టకుండా వేరే దారి చూస్తారు. అది వాళ్ళకు తెలిసిన సంగతే. పరీక్ష మానేసి కూర్చుంటే జరిగే నష్టం దీనికంటే పెద్దది.

గడ్డ ఏమీ లేదు. కానీ తిండి తగ్గింది, చిక్కిపోతోంది. ఎవరో క్యాన్సర్ అన్నారు.

మన ప్రాంతంలో ముందు చూడాల్సింది టిక్ ఫీవర్. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా జబ్బులో జ్వరం, రక్తం తగ్గడం, బరువు పడిపోవడం, గ్రంథులు వాయడం, ప్లీహం పెరగడం, ముక్కులోంచి రక్తం రావడం వరకు అన్నీ ఉంటాయి. చూస్తే బ్లడ్ క్యాన్సరే అనిపిస్తుంది. సీబీపీ (రక్తకణాల లెక్క), ప్లేట్‌లెట్లు, టిక్ ఫీవర్ పరీక్ష చేయిస్తే చాలాసార్లు సంగతి తెలిసిపోతుంది. దానికి మందు ఉంది, ఎక్కువగా తగ్గుతుంది.

ఆపరేషన్ చేయించని ఆడకుక్క అయితే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. ఎదకు వచ్చిన నెలా రెండు నెలలకు నీళ్ళు విపరీతంగా తాగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, తిండి మానేస్తుంది. దీన్ని పయోమెట్రా అంటారు. ఇది ఎమర్జెన్సీ. స్కానింగ్‌లో వెంటనే తెలుస్తుంది. ఇంకా కిడ్నీలు, షుగర్, పుచ్చిన పళ్ళు కూడా కారణం కావచ్చు. పన్ను నొప్పితో అన్నం మానేసిన కుక్కను చూసి ఇంటిల్లిపాదీ ఏడవడం నేను చూశాను. పన్ను తీయించాక మర్నాడే గిన్నె ఖాళీ చేసింది.

కుంటుతున్న పెద్ద జాతి కుక్క సంగతి వేరు. రాట్‌వీలర్, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటివి కాలు ఎత్తి నడుస్తూ, రెండు వారాల మందులకూ తగ్గకపోతే కీళ్ళ వాతం అని సరిపెట్టుకోకుండా ఎక్స్‌రే తీయించండి. ఎముక క్యాన్సర్ అలాగే మొదలవుతుంది.

ఎక్కడికి తీసుకెళ్ళాలి?

ముందు మీకు దగ్గర్లోని, మీ కుక్కను ఎరిగిన డాక్టర్ దగ్గరికి. సూది పరీక్ష, రక్త పరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్ దాకా రెండు ఊళ్ళలోనూ జరిగిపోతాయి. రెండో అభిప్రాయం కావాలన్నా, పెద్ద సర్జరీ అయినా గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది. తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. విజయవాడ నుంచి హైవే మీద సుమారు 20 కిలోమీటర్లు. సర్జరీ, మెడిసిన్, పాథాలజీ విభాగాలు ఒకే ప్రాంగణంలో ఉండడం దాని లాభం. గేదెలు, మేకలు, కోళ్ళ మధ్య మీ పొమేరియన్ కాస్త కంగారు పడొచ్చు, దుప్పటి తీసుకెళ్ళండి. గుంటూరు వాళ్ళు పొద్దున్నే బయల్దేరండి, బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు ఏ విభాగం చూస్తుందో కనుక్కోండి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పాడి పశువుల కోసం. క్యాన్సర్ పరీక్షలకు దాని మీద ఆధారపడలేం.

దసరా రోజుల్లో విజయవాడలో అపాయింట్‌మెంట్ పెట్టుకోకపోవడం మంచిది. దుర్గమ్మ కొండకు వచ్చే జనంతో రోడ్లు మళ్ళిస్తారు, ఆటోలో ముసలి కుక్కతో ఇరుక్కుపోతారు.

హైదరాబాద్, చెన్నై వెళ్ళాల్సి వస్తే కారే నయం. రైల్లో కుక్కను మీతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీదే అయ్యుండాలి. లేదంటే గార్డు బోగీలోని పెట్టెలో పంపాలి. జబ్బు కుక్కను ఆ పెట్టెలో పంపమని నేను ఎవరికీ చెప్పను.

రిపోర్టు రావడానికి వారం అన్నారు. ఈ టెన్షన్ తట్టుకోలేకపోతున్నాం.

రాత్రి పూట ఇంటర్నెట్‌లో ఫొటోలు చూడడం ఆపేయండి. అక్కడ కనిపించేవి చివరి దశ గడ్డలు. ఆ వారంలో చేతికి పని పెట్టుకోండి, అది డాక్టర్‌కూ ఉపయోగపడుతుంది.

గడ్డ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీయండి, తేదీ రాసుకోండి. టైలర్ టేపుతో కొలవండి. బాత్రూమ్ తూనిక మీద కుక్కను ఎత్తుకుని నిలబడి, తర్వాత మీరొక్కరే నిలబడితే తేడా దాని బరువు. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. మామూలుగా 30 లోపు ఉంటుంది. రోజూ అంతకు మించుతుంటే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పై పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూడడం అలవాటు చేసుకోండి. గులాబీ రంగు మంచిది. నల్ల చిగుళ్ళున్న కుక్కయితే కంటి రెప్ప లోపలి పొర చూడండి. హఠాత్తుగా కూలబడి, చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడితే, రిపోర్టు కోసం ఆగకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి. ప్లీహం మీది గడ్డ పగిలి పొట్టలో రక్తం కారేటప్పుడు అలా అవుతుంది.

కుక్కకు మాత్రం రిపోర్టు సంగతి తెలియదు. దాని షికారు, దాని అన్నం వేళలు మార్చకండి. ఇంట్లో అందరూ చుట్టూ చేరి జాలిగా చూస్తుంటే అది కంగారు పడుతుంది.

రిపోర్టు రాకముందే ఒక ఇంజెక్షన్ చేశారు. కుక్క లేచి తిరుగుతోంది. ఇక పరీక్ష ఎందుకు?

ఏ ఇంజెక్షనో అడగండి. స్టెరాయిడ్ అయితే ఆకలి పెరుగుతుంది, వాపు తగ్గుతుంది, రెండు మూడు రోజులు కుక్క కుర్రదానిలా తిరుగుతుంది. జబ్బు ఎక్కడికీ పోలేదు. లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్‌లో అయితే నష్టం ఇంకా ఎక్కువ. స్టెరాయిడ్‌కు ఆ గ్రంథులు తాత్కాలికంగా కరుగుతాయి కాబట్టి సూది పరీక్షలో ఏమీ దొరకకపోవచ్చు. తర్వాత ఇచ్చే కీమో పని చేయడం కూడా తగ్గుతుంది. దవడ కింద, భుజాల ముందు, మోకాళ్ళ వెనక రెండు వైపులా గ్రంథులు ఉబ్బి ఉంటే, "సూది పరీక్ష అయ్యేదాకా స్టెరాయిడ్ వద్దండీ" అని మర్యాదగానే చెప్పండి. డాక్టర్‌కు ఎదురు చెప్పడం కాదిది. మంచి డాక్టర్ దీనికి కోపం తెచ్చుకోరు.

ఒకదాని తర్వాత ఒకటి టెస్టులు రాస్తున్నారు. అన్నీ చేయించాలా?

ప్రతి టెస్టుకూ ముందు ఒకటే అడగండి. "దీని ఫలితం ఏదొచ్చినా మనం చేసేది మారుతుందా?"

మీ కుక్కకు పద్నాలుగేళ్ళు, గుండె జబ్బు కూడా ఉంది, ఆపరేషన్ చేయించేది లేదని ఇంట్లో తేల్చుకున్నారనుకోండి. అప్పుడు ఊపిరితిత్తుల్లోకి పాకిందో లేదో చూసే ఎక్స్‌రేలు మీకు కొత్త దారి ఏదీ చూపించవు. ఆ డబ్బు నొప్పి మందులకు ఉపయోగపడుతుంది. అదే తొమ్మిదేళ్ళ లాబ్రడార్, కాలి మీద గడ్డ, మిగతాదంతా బాగుంది అనుకుంటే ఆపరేషన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. మూడు కోణాల్లో తీయాలి. ఒక్క ఫిల్ము సరిపోదు, రెండో వైపు ఊపిరితిత్తిలోని చిన్న మచ్చ అందులో దాగిపోతుంది. పొట్ట స్కానింగ్ కూడా అంతే. ప్లీహం మీద ముద్ద కనబడితే అది క్యాన్సర్ కావచ్చు, ఉత్త రక్తపు గడ్డ కావచ్చు. స్కానింగ్ ఆ తేడా చెప్పలేదు. తీసి ల్యాబ్‌కు పంపితేనే తెలుస్తుంది.

నా మట్టుకు నేను సూది పరీక్షను మాత్రం ఎంత ముసలి కుక్కకైనా చేయిస్తాను. ఖర్చు తక్కువ, కష్టం తక్కువ. అది కొవ్వు గడ్డ అని తేలితే ఆ రాత్రి నుంచే ఇంటిల్లిపాదీ నిద్రపోతారు.

క్యాన్సరే అని తేలింది. ఇంకా ఎన్నాళ్ళు?

రకాన్ని బట్టి. చర్మం మీది కొన్ని గడ్డలను అంచులతో సహా తీసేస్తే జబ్బు అక్కడితో సరి. కుక్క మరేదో కారణంతో ఎప్పటికో పోతుంది. లింఫోమాకు ఏ వైద్యమూ లేకపోతే సాధారణంగా నెలా నెలన్నర, స్టెరాయిడ్ ఒక్కటే అయితే ఒకటి రెండు నెలలు, నాలుగు మందుల కీమో పూర్తిగా చేయిస్తే ఏడాది అటూ ఇటూ. కాలి ఎముక క్యాన్సర్‌కు కాలు తీసేస్తే నొప్పి పోతుంది, నాలుగైదు నెలలు. దానికి కీమో కూడా కలిస్తే పది నెలలు, ఏడాది. ప్లీహానికి వచ్చే హెమాంజియోసార్కోమా అన్నిటికంటే చెడ్డది. ఆపరేషన్‌తో ఒకటి నుంచి మూడు నెలలు, కీమో కలిపినా చాలావాటికి ఆరు నెలల లోపే.

ఇవి చాలా కుక్కల సగటు లెక్కలు. మీ కుక్క దీనికంటే ముందే పోవచ్చు, రెట్టింపు బతకొచ్చు కూడా.

ముసలి కుక్క మత్తు తట్టుకుంటుందా?

వయసు ఒక్కటే అడ్డం కాదు. కిడ్నీ, లివర్, గుండె ఎలా ఉన్నాయన్నది అడ్డం. క్రియాటినిన్, లివర్ పరీక్షలు, సీబీపీ, వీలైతే ఈసీజీ చూసి డాక్టర్ చెబుతారు. మత్తులో ఉన్నంతసేపూ ఊపిరి, గుండె గమనించే మనిషి విడిగా ఉంటారా అని అడగండి. సర్జరీ చేసే చేతులతోనే మత్తు కూడా చూసుకునే చోట ముసలి కుక్కను పెట్టకపోవడమే నయం.

మా ఆడకుక్కకు పొట్ట కింద చన్నుల వరసలో గడ్డలొచ్చాయి.

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మన ఇళ్ళల్లో ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం ఆలస్యం చేస్తాం, లేదా "ఒక్క ఈతైనా ఈననిద్దాం" అని వదిలేస్తాం. అసలు ఆపరేషన్ చేయించని కుక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు నూరు అనుకుంటే, మొదటి ఎదకు ముందే చేయించిన దానికి అది అర మాత్రమే. రెండో ఎద లోపు అయితే 8, ఆ తర్వాత అయితే 26. ఇవి 1969లో అమెరికాలో వచ్చిన అధ్యయనం లెక్కలు. తర్వాత వాటి మీద వాదనలు జరిగినా డాక్టర్లు ఇప్పటికీ వాటినే చెబుతారు. ఇప్పుడు పన్నెండేళ్ళ కుక్క పక్కన కూర్చుని ఆ లెక్కలు తలచుకుని లాభం లేదు. పక్కింటి కుక్కపిల్లకు మాత్రం పనికొస్తాయి.

ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, కుక్కల రొమ్ము గడ్డల్లో సుమారు సగం క్యాన్సర్ కావు. క్యాన్సర్ అయినవాటిలోనూ సుమారు సగమే పాకుతాయి. సైజు ముఖ్యం. శనగ గింజంత ఉన్నప్పుడు తీసేసిన దానికీ, నిమ్మకాయంత అయ్యాక తీసిన దానికీ తర్వాతి జీవితంలో చాలా తేడా ఉంటుంది. అందుకే "ఇంకా చిన్నదేగా, పెరిగితే చూద్దాం" అన్న సలహా రొమ్ము గడ్డల విషయంలో తలకిందుల సలహా. ఐదు జతల చన్నులనూ నెలకోసారి వేళ్ళతో తడమండి. ఒకటి దొరికితే పక్కవి కూడా చూడండి, ఇవి ఒంటరిగా రావడం తక్కువ. గడ్డ ఎర్రగా కాలిపోతూ, వెనక కాలు వాచి, కుక్క విపరీతంగా నొప్పి పడుతుంటే అది వేరే రకం కావచ్చు. దానికి కత్తి పెట్టకూడదనే ఎక్కువమంది డాక్టర్లు అంటారు.

మూత్రం పోసే చోట రక్తం చుక్కలు పడుతున్నాయి, గోబీ పువ్వులా కండ పెరిగింది. ఇది కూడా క్యాన్సరేనా?

క్యాన్సరే, కానీ భయపడాల్సినది కాదు. టీవీటీ అంటారు. మన ఊళ్ళలో వీధుల్లో తిరిగే కుక్కల్లో బాగా ఎక్కువ. కలయికలో, నాకడంలో ఒక కుక్క నుంచి మరో కుక్కకు ఆ కణాలే అంటుకుని పెరుగుతాయి. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. పదిలో తొమ్మిది కుక్కలకు పైగా పూర్తిగా నయమవుతాయి. మందు నరం బయట పడితే అక్కడి కండ కుళ్ళుతుంది కాబట్టి సరిగ్గా కాన్యులా పెట్టి ఇచ్చే చోటే చేయించాలి. మీ వీధిలో అందరూ అన్నం పెట్టే ముసలి కుక్కకు ఇది వస్తే, "క్యాన్సర్ కదా, ఇక లాభం లేదు" అని వదిలేయకండి.

కీమో అంటే జుట్టు రాలి, వాంతులు చేసుకుంటూ నరకం చూస్తుందా?

మనుషులకు జబ్బును పూర్తిగా తుడిచేయాలని గట్టి మోతాదు ఇస్తారు. కుక్కలకు ఉన్న రోజులు హాయిగా గడవాలని తక్కువ మోతాదు ఇస్తారు. అందుకే చాలా కుక్కలు బాగానే తట్టుకుంటాయి. పూడుల్ లాంటి జాతులకు తప్ప జుట్టు పెద్దగా రాలదు, మీసాలు ఊడొచ్చు. వాంతులు, విరేచనాలు రెండు మూడు రోజులు ఉండొచ్చు. ఇంజెక్షన్ ఇచ్చిన వారానికి తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, ఆ సమయంలో జ్వరం వస్తే వెంటనే చూపించాలి.

ఆ రెండు మూడు రోజులు దాని మూత్రం, మలం గ్లవ్స్ వేసుకుని శుభ్రం చేయండి. ఇంట్లో గర్భిణులు, చిన్న పిల్లలు ఉంటే వాళ్ళను దూరంగా ఉంచండి. రేడియేషన్ సంగతి కూడా అడుగుతారు. కుక్కలకు అది ఇచ్చే చోట్లు మన దేశంలో చాలా తక్కువ, దాని మీద ప్లాన్ వేసుకోవద్దు.

వైద్యం వద్దనుకుంటే పాపమా? బంధువులేమో "కుక్కకు ఇంత ఖర్చా" అంటున్నారు.

రెండు వైపుల నుంచీ మాటలు పడతాయి. చేయిస్తే పిచ్చి అంటారు, చేయించకపోతే మనసు లేదంటారు. పిల్ల ఫీజు కట్టాల్సిన నెలలో కీమో వద్దనుకున్నవాళ్ళను నేను తప్పుపట్టను. క్యాన్సర్‌ను తగ్గించకుండా నొప్పి, వాంతులు, ఆకలి మాత్రమే చూసుకుంటూ గడపడం కూడా వైద్యమే. డాక్టర్‌కు మీ బడ్జెట్ మొదటి రోజే చెప్పండి, అంచనా కాగితం మీద రాయించుకోండి. అప్పు చేసి మొదలుపెట్టి రెండో ఇంజెక్షన్‌తో ఆపేయడం కంటే, ముందే నొప్పి మందుల దారి ఎంచుకోవడం కుక్కకూ మేలు.

ఇప్పుడు పెట్ ఇన్సూరెన్స్ తీసుకుంటే?

ముందే బయటపడిన జబ్బుకు వర్తించదు.

నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది? మెడికల్ షాపులో ఏదైనా కొనొచ్చా?

కుక్క నొప్పితో అరవడం అరుదు. పడుకునే చోటు మారుస్తూ ఉంటుంది, రాత్రుళ్ళు ఇల్లంతా తిరుగుతుంది, ఊరికే రొప్పుతుంది, ఒకే చోట నాకుతుంది, ఎప్పుడూ ఎక్కే మెట్టు దగ్గర ఆగిపోతుంది, చేయి వేస్తే పక్కకు జరుగుతుంది.

మెడికల్ షాపులో అడిగి ఏదీ వేయకండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వేయకూడదు. మెలోక్సికామ్ లాంటివి డాక్టర్లు రాస్తారు, కానీ స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకు అవి కలపకూడదు. ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగేవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. ఒకరు రాసింది రెండోవారికి చూపించండి. ట్రమడాల్ 2018 నుంచి మత్తు మందుల చట్టం కిందికి వచ్చింది. డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న చీటీ లేకుండా షాపువాళ్ళు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఏం పెట్టాలి? మా ఇంట్లో మాంసం వండం.

తినేది పెట్టండి. క్యాన్సర్ కుక్కకు బరువు తగ్గకుండా చూడడమే మొదటి పని. ఉడికించిన చికెన్, గుడ్డు, కాస్త అన్నం మంచివి. సత్యనారాయణపురం వైపు శాకాహార ఇళ్ళలో పెరిగిన కుక్కలకు పనీర్, పెరుగు ఇవ్వొచ్చు, గుడ్డు రానిచ్చే ఇల్లయితే గుడ్డు. అదీ లేకపోతే ముసలి కుక్కల ప్యాకెట్ ఆహారం. పెరుగన్నం ఒక్కదానితోనే నెలలు గడిస్తే కండ కరిగిపోతుంది. గోరువెచ్చగా పెడితే వాసనకు తింటుంది. కీమో నడుస్తుంటే పచ్చి మాంసం వద్దు.

మన పప్పు, కూర, పులుసుల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్క రక్తకణాలను పగలగొడతాయి, ముందే రక్తం తక్కువున్న కుక్కకు అసలే వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా. "పాపం చివరి రోజులు" అని పాయసంలో కిస్‌మిస్‌తో సహా పెట్టేవాళ్ళున్నారు.

పసుపు, బొప్పాయి ఆకు రసం, ఆవు పంచితం గురించి అడుగుతారు. వీటితో కుక్క క్యాన్సర్ తగ్గినట్టు రుజువు లేదు. చిటికెడు పసుపుతో నష్టం లేదు, కానీ దాన్ని నమ్ముకుని రెండు నెలలు పోగొట్టుకుంటే గడ్డ చేయి దాటిపోతుంది.

ఎండాకాలంలో పుండు పడ్డ గడ్డను ఎలా చూసుకోవాలి?

బెజవాడ ఎండల్లో ఇదే పెద్ద సమస్య. పగిలిన గడ్డ మీద ఈగ వాలిందంటే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. రోజూ సెలైన్‌తో కడిగి, డాక్టర్ చెప్పిన మందు రాసి, గాలి ఆడే పలచటి గుడ్డ కట్టండి. నాకకుండా మెడకు కోన్ (గరాటు లాంటి పట్టీ) పెట్టండి. పాత బనియన్ తొడిగితే చాలా కుక్కలు ఒప్పుకుంటాయి. వరండాలో కాకుండా ఫ్యాన్ కింద, దోమతెర లోపల పడుకోబెట్టండి. ఫినాయిల్, కిరోసిన్ పుండు మీద పోయకండి. పురుగులు కనిపిస్తే క్లినిక్‌లో తీయించండి. ఆసుపత్రి ప్రయాణాలు పొద్దున్న ఎనిమిది లోపు పెట్టుకోండి.

మాకు, ఇంట్లో రెండో కుక్కకు అంటుతుందా?

మనుషులకు అంటదు. టీవీటీ తప్ప మిగతావి కుక్కలకూ అంటవు.

ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయమంటున్నారు. ఎప్పుడు? అసలు చేయొచ్చా?

చేయొచ్చు. నయం కాని బాధ నుంచి తప్పించడానికి వెటర్నరీ డాక్టర్ చేతుల మీదుగా చేయించడానికి చట్టం ఒప్పుకుంటుంది. మన ఇళ్ళల్లో "ప్రాణం తీసే హక్కు మనకెక్కడిది" అన్న మాట తప్పకుండా వస్తుంది, ముఖ్యంగా పెద్దవాళ్ళ నుంచి. వాళ్ళతో వాదించకండి. ఒక రాత్రి కుక్క పక్కన కూర్చోబెట్టండి. చాలాసార్లు ఆ పెద్దవాళ్ళే "ఇంకా ఎందుకురా దానికి ఈ బాధ" అంటారు. అనకపోతే, ఇంటివాళ్ళంతా ఒప్పుకోనప్పుడు నొప్పి మందు గట్టిగా వాడుతూ సహజంగా పోనివ్వడమూ ఒక దారే. కానీ మందు లేకుండా వదిలేయడం మాత్రం దారి కాదు.

ఎప్పుడన్నదానికి అమెరికా పశు క్యాన్సర్ డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ తయారు చేసిన కొలత ఒకటి ఉంది. నొప్పి (ఊపిరి అందడం ఇందులోకే వస్తుంది), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, ఇలా ఏడు. ఒక్కోదానికి పదికి మార్కులు. అంతా బాగుంటే పది. మొత్తం 35 దాటితే ఇంకా నడిపించవచ్చని అర్థం. వారానికోసారి ఇంట్లో ఇద్దరు విడివిడిగా వేయండి. ఎక్కువగా అన్నం పెట్టే మనిషికీ, సాయంత్రం వచ్చి చూసే మనిషికీ మార్కులు ఎంత తేడాగా వస్తాయో చూస్తే ఆశ్చర్యపోతారు. ఊపిరి అందక మెడ చాచి కూర్చుంటుంటే మాత్రం మార్కులు లెక్కపెట్టక్కర్లేదు.

ముందు మత్తు ఇస్తారు, కుక్క నిద్రలోకి జారుకుంటుంది. తర్వాత నరంలోకి రెండో ఇంజెక్షన్. నిమిషాల్లో అయిపోతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, పోయాక కూడా ఒకటి రెండు సార్లు ఊపిరి లాగినట్టు కదలొచ్చు, మూత్రం పడొచ్చు. అది బాధ కాదు, ముందే తెలిస్తే భయపడరు. మత్తు లేకుండా నేరుగా చివరి ఇంజెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోకండి. డాక్టర్ ఇంటికి వస్తారేమో అడగండి, కొందరు వస్తారు.

పిల్లలకు ఏం చెప్పాలి?

నిజం. "ఊరికి పంపించాం" అంటే పిల్లలు గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు. ఆరేడేళ్ళ పిల్లకు "జబ్బు తగ్గేది కాదు, నొప్పి లేకుండా చనిపోయింది" అంటే అర్థమవుతుంది. నిద్రపోయింది అని చెప్పకండి, ఆ రాత్రి వాళ్ళే పడుకోవడానికి భయపడతారు.

తర్వాత ఎక్కడ పూడ్చాలి?

సొంత స్థలమో, ఊళ్ళో పొలమో ఉంటే బావికీ బోరుకూ దూరంగా, నాలుగడుగులకు తగ్గకుండా తవ్వి పూడ్చండి. ఇంజెక్షన్ ఇచ్చిన కుక్క అయితే ఈ లోతు మరీ ముఖ్యం. మందు ఒంట్లోనే ఉంటుంది కాబట్టి వేరే జంతువు తవ్వి తింటే చచ్చిపోవచ్చు. అపార్ట్‌మెంట్ వాళ్ళు మున్సిపల్ శానిటేషన్ వాళ్ళను ముందే కనుక్కోవాలి, ఆ రోజు వెతుక్కోవడం కష్టం. గోనెసంచిలో కట్టి బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో వదిలేయడం ఇంకా జరుగుతోంది. కింద ఊళ్ళవాళ్ళు తాగేది ఆ నీళ్ళే.

మిగిలిన మందులు ఏం చేయాలి?

కీమో మాత్రలుంటే క్లినిక్‌కు తిరిగి ఇచ్చేయండి, చెత్తబుట్టలో, సింకులో వేయొద్దు. నొప్పి మందులు, ట్రమడాల్ కూడా అంతే. పక్కింటి కుక్కకు పనికొస్తాయని ఇవ్వకండి, దాని బరువు వేరు, జబ్బు వేరు. తెరవని సెలైన్ బాటిళ్ళు, గ్లవ్స్, కోన్ మాత్రం మీ డాక్టర్‌ను అడిగి ఇస్తే అక్కడికొచ్చే వీధికుక్కలకు వాడతారు.